హేవలాక్ బ్రిడ్జి మీద ముందు జనాన్ని నడవనివ్వండి

రాజమండ్రి దగ్గర గోదావరి మీదున్న పాత రైలు వంతెన, హేవలాక్ బ్రిడ్జి గురించి మాట్లాడాల్సింది రాజమండ్రి, కొవ్వూరు వాళ్ళే అనుకుంటే పొరపాటు. మాది ఒడిశాలోని బరంపురం. 1900లో ఆ వంతెన తెరిచాకే మా వాళ్ళు గోదావరి దగ్గర రైలు దిగి పడవ ఎక్కే అవస్థ లేకుండా మద్రాసు దాకా వెళ్ళగలిగారు. 1936లో మేం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినా ఆ దారి మారలేదు. మా నాన్నగారి అస్థికలు కలిపింది కూడా ఆ గోదావరిలోనే.

56 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు), ఒక్కోటి 150 అడుగులు, దాదాపు రెండూ ముప్పావు కిలోమీటర్ల పొడవు. 1953 వరద, 1986 వరద ఆ రాతి స్తంభాలను తాకి వెళ్ళినవే. 1997లో పక్కన ఆర్చి బ్రిడ్జి రాగానే దీని మీద రైళ్ళు ఆపేశారు. అప్పటి నుంచీ టూరిజం అనే మాట వింటూనే ఉన్నాం. ఇన్నేళ్ళలో పెరిగింది తుప్పే. పోయినసారి ఘాట్ దగ్గర నిలబడి చూస్తే ఒక స్తంభం రాళ్ళ సందులో రావి మొక్క ఏపుగా పెరిగి ఉంది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, వేళ్ళు లోపలికి దిగితే గార వదిలేస్తుంది, రాయి కదులుతుంది. అది పీకడానికి కోట్లు అక్కర్లేదు కదా! ఓ మనిషి, ఓ నిచ్చెన, ఏడాదికోసారి కాస్త శ్రద్ధ ఉంటే చాలు.

2025 జూన్‌లో రాజమండ్రి చుట్టుపక్కల టూరిజం కోసం తెచ్చిన అఖండ గోదావరి ప్రాజెక్టుకు 94.44 కోట్లతో శంకుస్థాపన జరిగింది, అందులో ఈ వంతెన కూడా ఉంది. నిజంగా సంతోషించాను. నా భయమల్లా ఒకటే. లైట్లు, హోటళ్ళు, సెల్ఫీ పాయింట్లు ముందొచ్చి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడిచే దారి మాత్రం "రెండో దశలో" అని వెనక్కి పోతుందేమోనని. ముందు స్తంభాలు, వాటి మీది ఇనుప గర్డర్లు (దూలాలు) పరీక్ష చేయించండి. గట్టి నడకదారి, నడుం ఎత్తు దాటిన రెయిలింగు, మధ్యమధ్య కూర్చునే బల్లలు, తాగునీళ్ళు పెట్టండి. మిగతా హంగులు తర్వాత చూసుకోవచ్చు.

మా పక్కన పర్లాకిమిడి చిన్న రైలు కూడా 1900లోనే మొదలైంది. 2004లో ఆపి, నారో గేజ్ తీసి బ్రాడ్ గేజ్ వేశారు. గుణుపురం దాకా పెద్ద రైలు కావాలి కాబట్టి దాన్ని తప్పు పట్టను. కానీ పిల్లలకు చూపిద్దామంటే ఆ పాత లైను లేదు. హేవలాక్‌కి ఆ ఇబ్బంది కూడా లేదు. కొత్త వంతెన పక్కనే ఉంది, పాతది ఎవరికీ అడ్డం కాదు.

2027లో పుష్కరాలు. బరంపురం, ఇచ్ఛాపురం, పలాసల నుంచి పెద్దవాళ్ళు మూటలు పట్టుకుని జనరల్ బోగీల్లో వస్తారు. రాజమండ్రిలో స్నానం చేసి, ఓపికున్నవాళ్ళు కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి నది మీదుగా నడిచి వెళ్ళే వీలుండాలి. టికెట్టు పెట్టాలనుకుంటే హోటళ్ళకు, పడవలకు పెట్టుకోండి. ఆ నడకకు మాత్రం పెట్టొద్దు.