పదవీ విరమణ చేసిన పాత చీర గుడ్డ గారికి

పూజ్యులైన పాత చీర గుడ్డ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మిమ్మల్ని మా ఇంట్లోంచి సాగనంపి చాలా ఏళ్లయింది కాబట్టి నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. నా మొహం మీరు పెద్దగా చూసింది కూడా లేదు లెండి, మన పరిచయం వేరే రకం. అమ్మ నేత చీర చివికిపోతే, అంచు ఒరుసుకుంటుందని దాన్ని చింపేసి, మెత్తటి నడిమి భాగాన్ని ముక్కలు చేసి, మడతలు పెట్టి, నెలసరికి వాడుకోమని నాడాతో సహా నా చేతిలో పెట్టింది. ఆ ముక్క మీరు. ఇప్పుడు మీరు మళ్లీ సర్వీసులోకి వస్తున్నారని, అదీ ఎవరూ ఊహించని జీతం మీద వస్తున్నారని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ పాత సర్వీసు రికార్డు చూద్దాం. మా వైపు పిల్ల పెద్దమనిషైతే షామియానా వేస్తారు, మైకు పెడతారు, ఇప్పుడైతే నాలుగు రోడ్ల కూడలిలో పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కూడా కడతారు. మేనమామ చీర తెస్తాడు. చిమ్మిలి పంచుతారు. ఊరందరికీ భోజనాలు. విషయం ఊరు ఊరంతటికీ అధికారికంగా తెలిశాక, మరుసటి నెల నుంచి అదే విషయం ఇంట్లో మగవాళ్లకి తెలియకూడదు. ఆ రహస్యం కాపాడే డ్యూటీ మీకు వేశారు.

అందుకే దండెం మీద మీకు చోటుండేది కాదు. ఎండంతా చొక్కాలకీ పంచెలకీ రిజర్వు. మిమ్మల్ని స్నానాల గది వెనక, గోడకీ దడికీ మధ్య కట్టిన తాడు మీద వేసి, పైన తడి లంగా కప్పి, లంగా గాలికి లేవకుండా దాని మీద ఇంకో తువ్వాలు వేసేవాళ్లం. ఆ మూడంతస్తుల కింద మీరు రెండ్రోజులైనా చెమ్మగానే ఉండేవారు. వానాకాలమైతే ట్రంకుపెట్టె వెనకే మీ కాపురం. ఆ చెమ్మకి మాకు దురదలూ ఇన్ఫెక్షన్లూ పట్టుకుంటే డాక్టరమ్మ ‘గుడ్డ మానేయండి’ అంది. ‘గుడ్డని ఎండలో వేయండి’ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. అంటే ముందు చొక్కాలు కాస్త పక్కకి జరగాలి మరి.

సర్కారువారి లెక్కల్లోనూ మీకు అదే మర్యాద. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల వయసువాళ్లని అడిగితే 64 శాతం మంది ప్యాడ్లన్నారు, 50 శాతం మంది గుడ్డన్నారు. కలిపితే నూరు దాటిందని కంగారు పడకండి. ఇంట్లో గుడ్డ, గడప దాటితే ప్యాడు అన్న సర్దుబాటు మాకు మామూలే. అయితే ‘పరిశుభ్రమైన పద్ధతులు’ అన్న వరసలో ప్యాడుంది, లోపల పెట్టుకునే దూదిచుట్ట టాంపాన్ ఉంది, లోపలే ఉండి రక్తాన్ని పట్టుకునే కప్పుంది, మీరు లేరు. సబ్బుతో ఉతికి ఎండలో ఫెళఫెళలాడేలా ఆరేసినా సరే, లేరు. పొద్దున పెట్టుకుని రాత్రి దాకా మార్చడానికి వీల్లేక మోసిన ప్యాడు మాత్రం ఆ వరసలో దర్జాగా కూర్చుంది.

ఇక మీ సీట్లోకి వచ్చిన ప్యాడు గారి సంగతి. ఆవిడ దశ తిరిగింది యుద్ధంలో. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకి కట్టే, చెట్ల గుజ్జుతో చేసిన దూదిని నర్సులు ఇందుక్కూడా వాడుకున్నారు. యుద్ధం అయిపోయాక ఆ సరుకుతోనే 1920లో అమెరికాలో కోటెక్స్ ప్యాడ్లొచ్చాయి. మా అమ్మ తరం దగ్గరికొచ్చేసరికి ఏ కంపెనీదైనా ‘కేర్‌ఫ్రీ’ అనే పిలిచేవాళ్లు. మీకు లంగా చాటు దక్కితే ఆవిడకి జడ్ ప్లస్ సెక్యూరిటీ. ముందు న్యూస్ పేపర్, దాని మీద నల్ల కవరు, దానికో ముడి. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. దగ్గు మందు చేతికే ఇచ్చే షాపాయన, మేం ప్యాడ్లడగగానే ఆ నిషేధించిన కవరుని ఎక్కణ్ణుంచో వెతికి మరీ తీస్తాడు. మా ఊళ్లో ఇంత భద్రంగా పొట్లం కట్టి ఇచ్చే సరుకు ఇంకోటి బ్రాందీ షాపులో ఉంది.

2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఆవిడకి 12 శాతం పన్ను వేశారు. గాజులకీ కుంకానికీ సున్నా. మరుసటి ఏడాది జులైలో అది తీసేశారనుకోండి. నెలసరి నెలనెలా వస్తుందని గ్రహించడానికి ఆ మాత్రం టైము పడుతుంది.

ఆవిడలోనూ రకాలున్నాయి. ప్యాకెట్ మీద 240, 280, 320 అని మిల్లీమీటర్లు వేస్తారు. పొడవు చెప్తారు సరే, ఎంత పీలుస్తుందో నేను కొన్న ప్యాకెట్ల మీద ఎక్కడా కనపడలేదు. అనుభవం మీద తెలుసుకున్నదేంటంటే, పొడవుది రాత్రికి, చిన్నది పగటికి, పైపొర నెట్ ఉన్నదైతే పొడిగా అనిపిస్తుంది గానీ మే నెల బెజవాడ ఎండలో తొడలు ఒరుసుకుపోతాయి, కాటన్ పొరైతే కాస్త తడి తెలుస్తుంది గానీ చర్మం మిగులుతుంది. సెంటు కొట్టినది మాత్రం వద్దు. ఆ మంటకి ఏ మల్లెపూల వాసనా గుర్తుకు రాదు. ఈ నాలుగు ముక్కలు షాపులో నిలబడి ప్యాకెట్ తిప్పి చూసుకుని తేల్చుకోవచ్చు. కానీ మనం ప్యాకెట్ తిప్పేలోపు ఆయన దానికి పేపర్ చుట్టేస్తాడు.

ఆవిడకి ఇంకో చిక్కుంది, వాడాక ఎక్కడ పెట్టాలి? 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో వాడిన ప్యాడు పారేయడానికి కంపెనీలు కవరివ్వడం గురించి రాశారు. కవరొచ్చింది కూడా. ఆ కవరు వేయడానికి డబ్బా ఉండాలన్న మాట మా ఆఫీసు బాత్రూంకి ఇంకా అందలేదు. అంచేత కవరు హ్యాండ్‌బ్యాగులో చేరి, లంచ్ బాక్స్ పక్కన కూర్చుని, సాయంత్రం మాతో పాటు సిటీ బస్సెక్కి ఇంటికొస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ అని పథకం పెట్టి, సర్కారు స్కూళ్లలో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి నెలకి 10 ప్యాడ్లన్నారు. మంచి పనే, వంక పెట్టను. లెక్క మాత్రం వేస్తాను. అయిదు రోజులకి పది అంటే రోజుకి రెండు. నాలుగైదు గంటలకోసారి మార్చుకోమని అదే స్కూల్లో టీచరమ్మ చెబుతుంది. మిగతా షిఫ్టులు ఎవరు చేస్తారనుకున్నారు? మీరే. రిటైరైనా మిమ్మల్ని డైలీ వేజ్ మీద నడిపిస్తూనే ఉన్నారు.

టాంపాన్ గురించి ఎక్కువ రాయను. ఎనిమిది గంటలకి మించి ఉంచకూడదని ప్యాకెట్ మీదే ఉంటుంది. మా వీధి షాపులో అడిగితే ‘అది ఏ కంపెనీ ట్యాబ్లెట్టమ్మా?’ అన్నాడు. అక్కడితో సరి.

కప్పు గారి కథ వేరు. సిలికాన్‌తో చేసిన ఈవిణ్ణి అందరూ కొత్తావిడ అనుకుంటున్నారు గానీ, లియోనా చామర్స్ అనే అమెరికన్ నటి 1937లోనే పేటెంటు తీసుకుంది. అప్పట్లో రబ్బరుది. సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది, 12 గంటల దాకా దాని జోలికి పోనక్కర్లేదు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో 43 పరిశోధనల్ని కలిపి చూసినవాళ్లు లీకేజీ విషయంలో ఇది మిగతావాటికి తీసిపోదన్నారు. కేరళలో అలప్పుళ మున్సిపాలిటీ వేల కప్పులు పంచింది. కుంబళంగి అనే పంచాయతీని 2022లో ప్యాడ్ల అవసరమే లేని ఊరని ప్రకటించారు.

మా ఇంట్లో ఆ ప్రకటన రావడానికి కాస్త ఆలస్యమైంది. ‘పెళ్లి కాని పిల్లకి అవన్నీ ఎందుకే, పెళ్లయ్యాక చూద్దాం’ అంది పెద్దమ్మ. పెళ్లయ్యాక ‘కాన్పులవనీ’ అన్నారు. కాన్పులయ్యి కాపర్ టీ వేయించుకుంటే, కప్పు లాగేటప్పుడు అదీ ఊడొచ్చే ప్రమాదముంది, డాక్టర్ని అడిగి వాడమన్నారు. పెద్దమ్మ మాటల్లా కాదు, ఇది నిజంగా పాటించాల్సిన జాగ్రత్త. కప్పు అడుగు నొక్కి పట్టు వదిలించాకే బయటికి తీయాలి. మొత్తానికి ఈ లెక్కన ఇంకొన్నాళ్లు ఓపిక పడితే ముట్లుడిగిపోతాయి. కప్పూ అక్కర్లేదు, చర్చా అక్కర్లేదు.

ఆఖరికి తెప్పించాను. ప్రతి నెలా దాన్ని నీళ్లలో మరిగించాలి. ఏ గిన్నెలో? పాల గిన్నె దరిదాపులకి పోవడానికి లేదు. చారు గిన్నె అన్నానో లేదో అత్తయ్యగారు కళ్లు మూసుకున్నారు. అటక మీంచి సొట్ట పడిన సత్తు గిన్నె ఒకటి దించి, తోమి, దానికి రాసిచ్చేశాను. స్టవ్ మీద అది బుడబుడమంటూ ఉడుకుతున్నంతసేపూ ఇంట్లో ఒక్కరు కూడా మంచినీళ్లకైనా వంటింటి వైపు రాలేదు. కప్పు వల్ల కలిగే లాభాల్లో ఇది ఏ ప్యాకెట్ మీదా రాయలేదు. మడిచి పెట్టుకోవడం, లోపల విచ్చుకుందో లేదో తెలుసుకోవడం చేతికి అలవాటవడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ తర్వాత ఒరుపు లేని ఎండాకాలం ఎలా ఉంటుందో మీ మనసు నొచ్చుకుంటుందని రాయడం లేదు.

అయితే ఆ సుఖమంతా సొంత బాత్రూం దాకానే. ఒక బస్టాండులో డబ్బులిచ్చి లోపలికెళ్లాను. తలుపుకి గడియ ఉండాల్సిన చోట రెండు బెజ్జాలున్నాయి. కాబట్టి ఒక చెయ్యి తలుపుకి. బ్యాగు తగిలించడానికి కొక్కెం లేదు. కాబట్టి బ్యాగు పళ్ల మధ్య. కుళాయి ఉంది, ఎంత తిప్పితే అంత తిరుగుతుంది, నీళ్లు రావు. చేతులు కడుక్కునే సింకు బయట వరండాలో ఉంది, అక్కడ పదిమంది మగవాళ్లు విజయనగరం బస్సు కోసం నిలబడి ఉన్నారు. నిండిన కప్పు తీసి, ఒంపి, కడిగి, మళ్లీ పెట్టుకోవాలంటే అక్కడ ఎంత లేదన్నా మూడు చేతులూ ఒక మగ్గు నీళ్లూ కావాలి. ఆ రోజు నుంచి ప్రయాణానికి ప్యాడ్లే. లేదంటే నీళ్ల సీసాతో లోపలికెళ్లాలి.

అందుకే ‘అత్తా, ఏది వాడితే హాయిగా ఉంటుంది?’ అని మేనకోడలు అడిగితే నేను దాని ఒంటి గురించి అడగలేదు, దాని హాస్టల్ బాత్రూం గురించి అడిగాను. లోపల నీళ్లొస్తాయా? డబ్బా ఉందా? గడియ పడుతుందా? బట్టలు ఎండలో ఆరేయనిస్తారా? అది నా వంక జాలిగా చూసి, ఫోను తీసి, నాకు మిమ్మల్ని చూపించింది.

అవునండీ, మిమ్మల్నే. ఎంత మారిపోయారు! ఆర్గానిక్ కాటన్ అట, పైన లేత గులాబీ పువ్వులు, అడుగున తడి దిగని పొర, పక్కన రెక్కలు, రెక్కలకి టిచ్ బటన్లు. నాడా బాధ లేదు. ఒక్కోటి మూడొందల పైచిలుకు. పార్సిల్లో మీతో పాటు రంగుల కాగితం కూడా వచ్చింది. వాడగానే చన్నీళ్లలో నానబెట్టాలి, వేణ్నీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది, సబ్బుతో ఉతికి నేరుగా ఎండలో ఆరేయాలి అని. అమ్మ కళ్లజోడు పెట్టుకుని అదంతా చదివి, ‘ఈ మాట చెప్పడానికి మీ అమ్మమ్మ కాగితం వాడలేదే’ అంది. తర్వాత బీరువా తెరిచి తన చివికిన చీరలన్నీ లెక్కపెట్టుకుంది. ఇంత ఆస్తి ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్లూ బ్యాంకుకెళ్లి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశానేమిటని ఆవిడ బాధ.

మీ పునరాగమనానికి అభినందనలు. కొత్త హోదాలోనైనా మీకు దండెం మీద మధ్య చోటు, పన్నెండింటి ఎండ దొరకాలని కోరుకుంటున్నాను. మా ఇంట్లో ఆ ఏర్పాటు నేను చేశాను. మావారి చొక్కాలు ఇప్పుడు కొంచెం నీడలో ఆరుతున్నాయి, ఆయనకేమీ దురదలు రాలేదు.

ఇట్లు,
మీ పాత కస్టమరు

తా.క.: మేనకోడలు మిమ్మల్ని అరడజను కొని హాస్టల్‌కి తీసుకెళ్తోంది. అక్కడ ఆడపిల్లలు మేడ మీదకి వెళ్లడానికి లేదట, మెట్లకి తాళం. బట్టలు గదిలోనే ఫ్యాన్ కింద ఆరేసుకోవాలట. మీరు బయల్దేరే ముందు వార్డెన్ గారితో ఓ మాట మాట్లాడుకోండి. లంగాలు రెండు ఎక్కువ పెట్టమని పిల్లకి నేను చెప్పను.