టైమెంతైందినా?

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఒక టీ బంకు ఉంది. రోజూ పొద్దున ఆరింటికి నలుగురం అక్కడ చేరతాం. నమస్కారాలూ, కుశల ప్రశ్నలూ ఉండవు. ముందు నాలుగు ఎడమ చేతులు బల్ల మీదికి రావాలి, ఈరోజు ఎవరు ఏ వాచీ పెట్టుకొచ్చారో చూడాలి. ఆ తర్వాతే టీ. షరతు ఒకటే, ఫోను తేకూడదు. చేతికి వాచీ ఉండగా ఫోన్లో టైం చూసుకోవడం కంటే తలవంపులు ఇంకేముంటాయి?

ఆ బుధవారం నాది మా నాన్న హెచ్‌ఎంటీ జనతా. పెళ్లిలో మా తాత పెట్టిన వాచీ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలయ్యాక అల్లుళ్ల కోరికలకు ఒక రూపం వచ్చిందని నా అనుమానం. దీనికి సెల్లు లేదు. కీ ఇస్తేనే నడుస్తుంది. ఆ చిన్న బుడిపెను బొటనవేలితో తిప్పుతుంటే లోపల స్ప్రింగు కిరకిరమంటూ బిగుసుకోవడం వేలికి తెలుస్తుంది. ఇక తిరగనని మొండికేసిన చోట ఆపాలి. 2016లో కేంద్రం ఆ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించినప్పుడు మా ఇంట్లో నేనొక్కడినే బాధపడ్డాను.

ఆ పొద్దున అద్దానికి టూత్‌పేస్టు రాసి, గీతలు పోయేదాకా తుడిచాను. ముళ్లు తిప్పి టైం సరిచేశాను. కీ ఇవ్వడం ఒక్కటే మరిచాను. తుడిచేటప్పుడు రెండు చుట్లు తిరిగిందేమో, బయల్దేరేటప్పుడు మాత్రం బుద్ధిగానే నడుస్తోంది.

"ధర్మవరంలో మా తమ్ముడి గృహప్రవేశం, తొమ్మిదీ అయిదుకు ముహూర్తం. ఆరున్నరకల్లా ఇంట్లో ఉండండి" అని గడప దగ్గరే చెప్పింది మా ఆవిడ.

టీ తాగి చూశాను, ఆరూ ఇరవై. లెక్కల మాస్టారు తన ఆటోమేటిక్ వాచీలో అర్ధచంద్రాకారపు బిళ్ల ఎలా తిరుగుతుందో మళ్లీ చెప్పారు. ఉగ్గాని, బజ్జి తిన్నాం. చూశాను, ఆరూ ఇరవై. ఈరోజు ఎంత తీరిగ్గా గడుస్తోందో అనుకుని ఇంకో టీ చెప్పాను.

అప్పుడొచ్చింది మల్లెపూల గంపతో ఒకామె. నాలుగు వాచీలు చూసి, సరైన చోటికే వచ్చానని అనుకున్నట్టుంది.

"టైమెంతైందినా?"

"ఆరూ ఇరవై" అన్నాను నేను.

"తొమ్మిదీ అయిదు" అన్నాడు బ్యాంకాయన. కొడుకు డల్లాస్‌లో ఉన్నప్పటి నుంచి ఆయన వాచీ అమెరికా టైమే చూపిస్తుంది. "అంటే రాత్రి. నిన్న రాత్రి."

మెడికల్ షాపు తమ్ముడిది పదీ పది. ఆ టైంలో ముళ్లు కంపెనీ పేరుకు అడ్డం రావు, వాచీ నవ్వుతున్నట్టు ఉంటుందని అతను అక్కడే పెట్టి ఉంచుతాడు. ప్రకటనల్లో చూడండి, అన్నీ అంతే. మాస్టారిది ఆగిపోయింది. "ఉండమ్మా, ఇప్పుడు లేస్తుంది" అంటూ దోమల్ని తోలినట్టు చెయ్యి ఊపుతున్నారు.

ఆమె మా తలల మీదుగా పైకి చూసింది. మేం వీపు చూపించి కూర్చున్న ఆ ఎనిమిది ముఖాల టవరు ఎత్తు 47 అడుగులు, వెడల్పు 15. మొత్తం 15-8-47 అని మా ఊళ్లో గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకుంటామే గానీ తల తిప్పి చూసేదెవరు?

"ఏడున్నర దాటిందినా" అని గంప ఎత్తుకుంది.

"ఉగ్గాని గూడా అయిపాయ సార్" అన్నాడు బంకు అతను, ఖాళీ గిన్నె వంచి చూపిస్తూ.

ఇంటికి పరుగెత్తాను. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, ఒళ్లో కానుక డబ్బా పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. ఒక్క మాటా అనలేదు. నా చెయ్యి పట్టుకుని వాచీని చెవికి ఆనించుకుంది. కాసేపు విని, చెయ్యి వదిలేసి చెప్పులు వేసుకుంది. అరిచి ఉంటే బాగుండేది.

ధర్మవరం చేరేసరికి పాలు పొంగి, వ్రతం అయిపోయి, రెండో పంక్తి లేస్తోంది. బామ్మర్ది నవ్వుతూనే కానుక విప్పాడు. గోడ గడియారం. పదీ పది దగ్గర నిలబడి ఉంది.

అతను దాన్నీ చూశాడు, నా చేతినీ చూశాడు.

"బావా, దీనికి గూడా కీ ఇయ్యాల్నా?"