‘అలరించింది’ అని రాస్తే సమీక్ష అయిపోతుందా?

హైదరాబాద్‌లో సాయంత్రం ఆరు దాటితే ఎక్కడో ఒకచోట గజ్జెలు మోగుతూనే ఉంటాయి. రవీంద్రభారతిలో కూచిపూడి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నాటిక, బంజారాహిల్స్ లామకాన్‌లో హిందీ నాటకం. మర్నాడు పేపరు తీసి సిటీ పేజీలు తిరగేయండి. ఒక మూల ఫొటో, దాని కింద ఐదారు లైన్లు. ముఖ్య అతిథి ఎవరు, సభకు ఎవరు అధ్యక్షత వహించారు, ఎవరికి శాలువా కప్పారు అన్నీ ఉంటాయి. ఆఖరి వాక్యం: ‘అనంతరం జరిగిన నృత్య ప్రదర్శన ఆహూతులను అలరించింది.’ నాట్యం చేసిన అమ్మాయి పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే ‘చిన్నారులు’.

అలరించింది, ఆకట్టుకుంది, రక్తి కట్టింది, మంత్రముగ్ధులను చేసింది. ఈ నాలుగు ముక్కలతో నగరంలో ఏడాది పొడవునా జరిగే ప్రదర్శనలన్నీ రాసేయొచ్చు. రాస్తున్నారు కూడా. ఎవరినో అనడం ఎందుకు, కొన్నేళ్లు డెస్కులో కూర్చుని నేనూ రాశాను. చూడకుండా రాసినవే ఎక్కువ. ఆరున్నరకి ప్రోగ్రాం అయితే నాలుగింటికే ప్రెస్ నోట్ వచ్చేది. ‘అలరించింది’ అని అందులో అప్పటికే ఉండేది.

ఆమధ్య ఒక నాటిక చూశాను. హాలు పేరు, సమాజం పేరు ఇక్కడ వద్దు. తండ్రి వేషం వేసినాయన గట్టి నటుడు. అర్ధరాత్రి కొడుకు ఇంటికొస్తాడు. తండ్రి వెనక తలుపు దగ్గర చీకట్లో నిలబడి ఉన్నాడు. హాలంతా నిశ్శబ్దం. ఇక తిడతాడు అనుకునేసరికి ఆయన గబగబా నాలుగడుగులు ముందుకొచ్చి, స్టేజీ అంచున ఉన్న స్టాండు మైకు ముందు ఆగి, మా వైపు తిరిగి, వీపు వెనకున్న కొడుకుని తిట్టాడు. జవాబు చెప్పడానికి కొడుకూ మైకు దగ్గరికొచ్చాడు. తల్లికి మైకు దొరకలేదు. ఆవిడ ఏడుస్తున్నట్టు తెలుస్తోంది గానీ, ఏమంటూ ఏడుస్తోందో మూడో వరసలో కూర్చున్న నాకే వినపడలేదు. గంటసేపూ ఇదే తంతు. ఎవరు ఎటు నడవాలో, ఎవరి వైపు చూడాలో అన్నీ మైకే నిర్ణయించింది. వార్తలో మాత్రం ‘తండ్రీకొడుకుల అనుబంధాన్ని హృద్యంగా చాటిన నాటిక’ అని వచ్చింది. కథ సంగతి ఇతివృత్తం చదివినా తెలుస్తుంది. నాటకం ఎలా ఆడిందో చెప్పాలంటే హాల్లో కూర్చోవాలి, కూర్చున్నవాడు ఆ మైకు సంగతి రాయాలి.

ఈ మాట ఎడిటర్లతో అంటే ఒకటే జవాబు: “అయిపోయిన నాటకానికి రివ్యూ ఎందుకండీ? సినిమా అయితే జనం రేపు వెళ్లి చూస్తారు.” కొట్టిపారేసే మాట కాదిది. నగరంలో తెలుగు నాటకం ఒక రాత్రి ఆడుతుంది, తర్వాత ఏదైనా ఊళ్లో పరిషత్తు (నాటక పోటీలు పెట్టే సంస్థ) పోటీకి వెళుతుంది. ఇక్కడ మళ్లీ ఎప్పుడు పడుతుందో ఆడేవాళ్లకే తెలియదు. రెండో ప్రదర్శన లేదు కాబట్టి సమీక్షతో పని లేదంటారు. సమీక్ష లేనప్పుడు నలుగురి నోళ్లలో నానదు, నానని నాటకాన్ని రెండోసారి వేసే ధైర్యం ఎవరూ చేయరు.

అలాగని ఈ ఊరికి పదేపదే ఆడే నాటకం తెలియదా అంటే, తెలుసు. 1965లో బబ్బన్ ఖాన్ మొదలుపెట్టిన ‘అద్రక్ కే పంజే’ ఇక్కడి నాటకమే. గంపెడు పిల్లల్ని కని అప్పులపాలైన గుమాస్తా కథ. దశాబ్దాల పాటు వేల ప్రదర్శనలు పడి గిన్నిస్‌కి ఎక్కింది. సురభి సంగతి సరేసరి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ నాటక సమాజాలు అవే నాటకాలను తరాల తరబడి టికెట్టు పెట్టి ఆడాయి. అయితే సురభి మీద వచ్చే రాతలు చూడండి: తీగల మీద ఎగిరే నారదుడు, ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లే లడ్డూలు, గాల్లో బాణాలు. ఆ లడ్డూల అవతల శశిరేఖ వేషం వేసినావిడ ఎలా చేసింది? పద్యం ఎక్కడ లాగింది? ట్రిక్కు పేరు తప్ప నటి పేరు రాసిన వ్యాసం నాకు కనపడటం అరుదు.

టికెట్టు అన్నాను కదా, అసలు మెలిక అక్కడే ఉందని నా అనుమానం. మన తెలుగు నాటకానికి, డాన్సు ప్రోగ్రాముకి ఎక్కువగా ‘ప్రవేశం ఉచితం’. ఊరికే వచ్చినవాడు సణుగుతాడా? పైగా వచ్చినవాళ్లలో సగం మంది నటుల బంధువులు, పిల్లల తల్లిదండ్రులు. వెనకటి పద్యనాటకాల వాళ్లు చెబుతారు: గొంతు పలికితే ‘వన్స్‌మోర్’, శ్రుతి తప్పితే నేల నుంచి ఈలలు. అణా ఇచ్చి చాప మీద కూర్చున్నవాడు అక్కడికక్కడే సమీక్ష చేసేసేవాడు. ఇప్పుడు అందరూ మర్యాదస్తులం. రెండు గంటలు వాచీ చూసుకుని, బయటికొచ్చి చెయ్యి కలిపి ‘చాలా బాగా చేశారండీ’ అంటాం.

తీర్పు చెప్పేవాళ్లు అసలు లేరా అంటే, పరిషత్తుల్లో ఉన్నారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి పోటీ మన నాటకాన్ని బతికిస్తూనే ఉంది. చాలాకాలం ఆగిన నంది నాటకోత్సవాలు 2023 డిసెంబరులో గుంటూరులో జరిగితే, పద్యనాటకం నుంచి బాలల నాటికల దాకా సమాజాలు తరలివచ్చాయి. అయితే గుణనిర్ణేతలు ఇచ్చేవి మార్కులు. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు అని చివరి రోజు మైకులో చదువుతారు. బహుమతి రానివాడికి ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు, వచ్చినవాడికైతే ఎందుకొచ్చిందో అసలే చెప్పరు. దాంతో గెలిచిన నాటికను చూసి పక్కవాళ్లు వాత పెట్టుకుంటారు. గంట నిడివి, ఒకే సెట్టు, నలుగురైదుగురు పాత్రలు, చివర్లో ముసలి తండ్రి ఏడుపు. ఈ అచ్చు ఎవరు పోశారో తెలియదు, మార్కులు మాత్రం దానికే పడుతున్నాయి.

డాన్సు దగ్గర ఇబ్బంది ఇంకొంచెం సున్నితం, ఎందుకంటే స్టేజీ మీద ఉన్నది చాలాసార్లు ఎవరో ఒకరి పాప. కూచిపూడిలో తరంగం వచ్చిందంటే హాలు లేచి కూర్చుంటుంది. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి కదలగానే చప్పట్లు. ఆ హోరులో మృదంగం వినపడదు, పాదం తాళంలో పడిందో లేదో తెలియదు. పళ్లెం ఎక్కేదాకా ఆ పిల్ల కళ్లలో కృష్ణుడు ఉంటాడు. ఎక్కాక ఉండేది పళ్లెమే. చూపు బిగుసుకుపోతుంది, చిరునవ్వు అంటించినట్టుంటుంది. పళ్లెం మీద నిలబడి కూడా యశోదగా కొడుకు వైపు చూడగలిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. వాళ్లకీ అవే చప్పట్లు, తక్కినవాళ్లకీ అవే చప్పట్లు.

ఇంకొకటి వాచికం, అంటే నోటి మాట, పాట. కూచిపూడి భాగవతులు ఆడుతూ పాడేవాళ్లు, మాట్లాడేవాళ్లు. స్త్రీ వేషాలు వేసిన వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా ఎంత పేరు తెచ్చుకున్నారో తెలిసిందే. ఇవాళ చాలా వేదికల మీద భామ గొంతు పెన్‌డ్రైవ్‌లో వస్తుంది, స్టేజీ మీది భామ పెదవులు కదుపుతుంది. ఆర్కెస్ట్రా ఖర్చు తల్లిదండ్రులు మోయలేరన్నది నిజమే, నేను కాదనను. కానీ ఆ మార్పు వల్ల నాట్యంలో ఏం పోయిందో ఎవరైనా రాయాలి కదా. 2016లో విజయవాడలో 6 వేల మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సృష్టించారు. ఎంతమంది ఆడారో పతాక శీర్షికల్లో వచ్చింది.

పేరిణి ప్రదర్శన పెట్టినప్పుడల్లా వ్యాఖ్యాత ‘కాకతీయుల కాలం నాటి నృత్యం’ అని గంభీరంగా చదువుతారు. కాకతీయుల సేనాని జాయప రాసిన నాట్యశాస్త్ర గ్రంథం ‘నృత్తరత్నావళి’ని, రామప్ప గుడి శిల్పాలను ముందు పెట్టుకుని నటరాజ రామకృష్ణ ఇరవయ్యో శతాబ్దంలో పునర్నిర్మించిన రూపమిది. ఆ మాట చెబితే పేరిణి గొప్పతనమేమీ తగ్గదు. ఏ భంగిమ శిల్పంలోది, ఏది ఆయన ఊహ అని ఆలోచిస్తూ చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది.

విమర్శ లేకపోతే పెద్ద నష్టమేముందిలే అనుకునేవాళ్లు ‘చింతామణి’ సంగతి గుర్తు తెచ్చుకోవాలి. వేశ్యాలోలత్వం కొంపలెలా ముంచుతుందో చెప్పడానికి కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకం. ఆడగా ఆడగా అందులోని వైశ్యుడు సుబ్బిశెట్టి పాత్రకి రాతలో లేని మోటు హాస్యం వచ్చి చేరింది. ఊరూరా కొత్త డైలాగు, కొత్త వెకిలితనం. ఇది కాళ్లకూరి రాసింది కాదు, మీరు కలిపింది అని ప్రదర్శన చూసి నిలదీసి రాసినవాళ్లు ఎంతమంది? చివరికి ఆర్యవైశ్యుల అభ్యంతరం మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. విమర్శకుడు గీత గీయాల్సిన చోట జీవో వచ్చి పడింది.

రాసేవాళ్లు అసలు లేకుండా పోలేదు. గుడిపూడి శ్రీహరి ఏళ్ల తరబడి తెలుగు నాటకాలు, నృత్యాలు చూసి సమీక్షలు రాశారు, అదీ ‘ది హిందూ’లో, ఇంగ్లిష్‌లో. త్యాగరాయ గానసభలో తెలుగు నాటకం ఆడినాయన తన గురించి నాలుగు ముక్కలు చదువుకోవాలంటే ఇంగ్లిష్ పేపరు కొనాలన్నమాట. ఆయన 2022లో పోయారు. తెలుగులో వచ్చే క్లిప్పింగుకి మాత్రం వేరే ఉపయోగం ఉంది: గ్రాంటుకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఫైల్లో జత చేస్తారు. ఆ ఫైల్లోకి వెళ్లే కాగితం మీద ‘పాదం తాళం తప్పింది’ అని ఉంటే మనిషి మనతో మళ్లీ మాట్లాడతాడా? రాసేవాడు, ఆడేవాడు, సభ పెట్టేవాడు అందరం వారానికోసారి ఎదురుపడేవాళ్లమే.

మైకు నాటిక గురించి నేను ఫేస్‌బుక్‌లో రాశాను. రెండు రోజులకి దర్శకుడు ఫోన్ చేశాడు. తిడతాడేమోనని కొంచెం టెన్షన్‌గానే ఎత్తాను. “మైకు సంగతి బాగానే రాశారు సార్. కాలర్ మైకుల అద్దె ఎంతో కనుక్కున్నారా? మా ఐదుగురు ఆర్టిస్టులకి నేనిచ్చే బస్సు ఛార్జీల కంటే ఎక్కువ. అది కూడా రాయండి” అన్నాడు. తలుపు దగ్గరి సీన్ ఏం చేద్దామనుకుంటున్నారు అని అడిగాను. తలుపునే ముందుకు తెస్తున్నాడట.