కండోమ్‌కు రంధ్రాలుంటాయా?

“కండోమ్ రబ్బరుకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. హెచ్‌ఐవీ వాటికన్నా చిన్నది, దూరిపోతుంది. అందుకే వాడినా ఫెయిలవుతాయి. అవతలి మనిషి ఆరోగ్యంగా కనిపిస్తే చాలు.” ఈ మెసేజ్ ఎన్నిసార్లు తిప్పికొట్టినా మళ్లీ ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది.

వైరస్ చిన్నదన్నది నిజమే, మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు. కానీ అది ఒంటరిగా రాదు. వీర్యంలోనో, యోని స్రావంలోనో, రక్తంలోనో ఉంటుంది, ఆ ద్రవం ఆగితే అదీ ఆగుతుంది. ఫ్యాక్టరీలో ప్రతి కండోమ్‌నూ లోహపు అచ్చుకు తొడిగి కరెంటు పెట్టి చూస్తారు. రబ్బరు కరెంటును ఆపుతుంది, రంధ్రముంటే ఆపలేదు, అలాంటిది చెత్తబుట్టలోకే. బ్యాచ్‌కు కొన్నింటిలో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి వేలాడదీసి, చుక్క కారుతుందేమో చూస్తారు. ఇదంతా వదిలేసినా, దంపతుల్లో ఒక్కరికే హెచ్‌ఐవీ ఉన్న జంటల లెక్కలున్నాయి. ప్రతిసారీ వాడినవాళ్లలో రెండోవారికి సోకడం దాదాపు 80 శాతం తగ్గింది. రంధ్రాల్లోంచి దూరిపోయేదైతే ఇంత తేడా ఎందుకొస్తుంది? వైరస్ దాటేంత రంధ్రాలున్న రకం ఒకటుంది, గొర్రె పేగు పొరతో చేసేది. ఆ నింద మామూలు కండోమ్ రబ్బరుకు, అంటే లేటెక్స్‌కు అంటగట్టకూడదు.

ఫెయిలవడం మాత్రం ఉంది. కండోమ్‌నే నమ్ముకున్న వందమంది మహిళల్లో ఏడాదిలో 13 మందికి గర్భం వస్తుంది. ప్రతిసారీ సరిగ్గా వాడితే ఇద్దరికే. ఆ తేడా అంతా చేతుల్లోనే ఉంది. పంటితో ప్యాకెట్ చించడం, సగంలో తొడుక్కోవడం, ఒకటి చాలదని రెండు వేసుకోవడం. కొబ్బరినూనె, వాసెలిన్ రాస్తే లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడుతుంది. రబ్బరును అనుమానించేవాళ్లు ఆ నూనెసీసాను ఒక్కసారీ అనుమానించరు! విప్పేముందు ప్యాకెట్ నొక్కి చూడండి, లోపల గాలిబుడగ అటూఇటూ కదలాలి. కదలకపోతే ఎక్కడో చిల్లు పడినట్టే.

మెసేజ్ వదిలేసిన అసలు లోపం వేరే ఉంది. హెర్పిస్, హెచ్‌పీవీ, సిఫిలిస్ లాంటి లైంగిక ఇన్ఫెక్షన్లు చర్మం తగిలినా అంటుకుంటాయి, కండోమ్ కప్పని చోటునుంచి కూడా. అక్కడ రిస్క్ తగ్గుతుందే గానీ పోదు. హెచ్‌పీవీకి, హెపటైటిస్-బికి టీకాలున్నాయి.

ఇక ఆరోగ్యంగా కనిపించడం. క్లమీడియా అనే సుఖవ్యాధి సోకినవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. హెచ్‌ఐవీ ఏళ్లతరబడి బయటపడకపోవచ్చు. పరీక్షే దారి, అదీ మర్నాడే చేయిస్తే లాభం లేదు. ల్యాబులో చేసే యాంటిజెన్-యాంటీబాడీ రక్తపరీక్షలోనైనా హెచ్‌ఐవీ బయటపడటానికి, సోకే అవకాశమున్న రోజు నుంచి 18 నుంచి 45 రోజులు పడుతుంది. కండోమ్ చిరిగి టెన్షన్ పడుతున్నవాళ్లు మాత్రం అన్ని రోజులు ఆగకూడదు. 72 గంటల్లోపు, వీలైతే ఆ పూటే, డాక్టర్ దగ్గరికెళ్లి పెప్ మందుల (హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునే మందులు) గురించి అడగాలి. మొదలుపెడితే 28 రోజులు వాడాలి.