ముందు గొడుగు వచ్చింది, తర్వాతే సింహం

మంచు కురుస్తున్న అడవిలో ఒక వింత జీవి నడిచొస్తోంది. నడుం దాకా మనిషి, కింద మేక కాళ్లు. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో పొట్లాలు. పండక్కి బజారు చేసుకుని ఇంటికి పోతున్నట్టుంది వాలకం. ఆంగ్ల రచయిత సి.ఎస్.లూయిస్ మనసులో ఈ బొమ్మ పడింది పదహారేళ్ల వయసులో. నలభై దగ్గరపడ్డాక ఒకరోజు, దీని మీద కథ రాసి చూద్దాం అనుకున్నాడు. నార్నియా అనే మాయాలోకం మీద ఆయన పిల్లలకు రాసిన ఏడు నవలల్లో 1950లో వచ్చిన మొదటిదాని పుట్టుక గురించి ఆయనే చెప్పుకున్న సంగతి ఇది. ఇందులో నన్ను ఆపేసే విషయం ఒకటుంది. పదహారేళ్లప్పుడు లూయిస్ నాస్తికుడు.

ఆయన మీద వచ్చిన పరిశోధన చాలావరకు ఈ వరసను తలకిందులుగా చదివింది. ముందు ఆయన విశ్వాసం ఏమిటో తేల్చుకోవడం, తర్వాత దాన్ని పట్టుకెళ్లి పుస్తకాల్లో వెతకడం. అస్లాన్ అనే సింహం అంటే క్రీస్తు, అది చచ్చిపోయే రాతి బల్ల అంటే సిలువ, మిఠాయికి ఆశపడి తోబుట్టువుల్ని పట్టించబోయిన ఎడ్మండ్ అంటే యేసును పట్టించిన యూదా. పరీక్ష పేపర్లో ‘జతపరచండి’ ప్రశ్నలా ఉంటుంది ఈ పద్ధతి. తప్పని అనను. సింహం చచ్చి లేవడం వెనక ఏముందో లూయిస్ ఎప్పుడూ దాచలేదు. కానీ జతపరచడం అయిపోయాక ఇక చదవడానికేం మిగలదు, అదీ నా పేచీ. మరి ఆ గొడుగుకి జత ఏది? పొట్లాలకి?

1956లో రాసిన ఒక చిన్న వ్యాసంలో లూయిస్ దీన్నే ఎగతాళి చేశాడు. పిల్లలకు క్రైస్తవం ఎలా చెప్పాలా అని నేను ముందు ఆలోచించానని, అందుకు అద్భుత కథను పనిముట్టుగా ఎంచుకుని, పిల్లల మనస్తత్వం మీద సమాచారం పోగేసి, ఏ వయసువాళ్లకు రాయాలో నిర్ణయించి, చెప్పాల్సిన సత్యాల జాబితా వేసుకుని, దానికి తగ్గట్టు కథలు అల్లానని కొందరు అనుకుంటున్నారట, అదంతా ఉత్త మాట, ఆ పద్ధతిలో నేను అసలు రాయలేను అన్నాడు. అన్నీ బొమ్మలతోనే మొదలయ్యాయి: గొడుగు పట్టుకున్న ఆ జీవి, మంచుబండి మీద ఒక రాణి, ఒక గొప్ప సింహం. మొదట్లో వాటిలో క్రైస్తవం అన్నదే లేదు. అది తనంతట తానే లోపలికి తోసుకొచ్చింది.

ఆయన జీవితమూ అదే వరసలో నడిచింది. 1916 మార్చిలో లెదర్‌హెడ్ రైల్వే స్టేషన్‌లోని పుస్తకాల కొట్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ రాసిన ‘ఫాంటాస్టెస్’ అనే అద్భుత కథ కొన్నాడు. ఆ రాత్రి తన ఊహకు బాప్తిస్మం జరిగిందని, మిగతా మనిషికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టిందని తర్వాత రాసుకున్నాడు. ఎంత కాలం? పదిహేనేళ్లు. 1931 సెప్టెంబర్ 19 రాత్రి ఆక్స్‌ఫర్డ్‌లో, తన కాలేజీ ఆవరణలోని చెట్ల బాటలో స్నేహితులు టోల్కీన్, హ్యూగో డైసన్‌లతో మాట్లాడుతూ తిరిగాడు. ఆ మాటలు తెల్లవారుజాము దాకా సాగాయి. చచ్చి మళ్లీ లేచే దేవుళ్ల కథలు ఏ పురాణంలో చదివినా లూయిస్ ఒళ్లు పులకరించేది, ఒక్క సువార్తల్లో తప్ప. ఆ పురాణాల్ని చదివినట్టే క్రీస్తు కథనీ చదువు, తేడా ఒక్కటే, ఇది నిజంగా జరిగింది. స్నేహితుల వాదన అది. తొమ్మిది రోజుల తర్వాత అన్న వార్నీ మోటార్‌సైకిల్‌కి తగిలించిన సైడ్‌కార్‌లో కూర్చుని విప్స్‌నేడ్ జూకి బయల్దేరాడు. బయల్దేరేటప్పుడు క్రీస్తు దేవుని కుమారుడని నమ్మలేదు, జూ చేరేసరికి నమ్మాడు. దారిలో ఆలోచించుకుంటూ కూర్చున్నది కూడా లేదట. విశ్వాసంలోకి వచ్చినవాళ్లు చెప్పుకునే కథల్లో ఇంత హడావిడి లేనిది నేను ఇంకోటి చదవలేదు.

సత్యాన్ని పట్టుకునేది బుద్ధి, అర్థాన్ని పట్టుకునేది ఊహ అని 1939లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన అన్నాడు. ఒక మాటకు అర్థం ఉంటేనే కదా అది నిజమా అబద్ధమా అని అడగగలం! అందుకే ఆ రాత్రి స్నేహితులు ఆయనకు సాక్ష్యాధారాలు చూపించలేదు, చదివే తీరు మార్చారు. ‘విశ్వాసం, ఊహ’ అని రెండు గదులు కట్టి, ఒక గదిలోని సామాను ఇంకో గదిలోకి ఎలా చేరిందా అని వెతికే పరిశోధకులు ఈ వాక్యాన్ని తరచూ ఉదహరిస్తారు. పని మాత్రం గదులు కట్టే పనే.

ఆ వెతుకులాట ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఆన్‌స్కోంబ్ ఉదంతం ఒకటి చాలు. 1948 ఫిబ్రవరి 2న ఆక్స్‌ఫర్డ్‌లో మతం మీద వాదోపవాదాలు జరిగే సోక్రటిక్ క్లబ్‌లో ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ అనే యువ తత్వవేత్త, దైవ మహిమలు సాధ్యమేనని వాదిస్తూ లూయిస్ రాసిన ‘మిరకిల్స్’లో మూడో అధ్యాయాన్ని తర్కంతో ఉతికేసింది. ఈ ఒక్క సాయంత్రం మీద జీవితచరిత్రకారులు ఒక మేడ కట్టారు. ఓడిపోయిన లూయిస్ మతాన్ని వాదనతో సమర్థించడం మానేసి పిల్లల కథల్లో తలదాచుకున్నాడని, ఆ మంచు రాణి ఈ తత్వవేత్తేనని కూడా అన్నారు. వినడానికి మహా రంజుగా ఉంది. కానీ యుద్ధం వల్ల లండన్ వదిలి ఒక ముసలి ప్రొఫెసర్ ఇంటికి చేరిన నలుగురు పిల్లల గురించి లూయిస్ 1939 ప్రాంతంలోనే ఒక ముక్క రాసి పెట్టుకున్నాడు. ఆన్‌స్కోంబ్ కూడా క్రైస్తవురాలే, గట్టి కేథలిక్. ఆమె తప్పుపట్టింది ఆయన నమ్మకాన్ని కాదు, దానికోసం ఆయన వాడిన ఒక వాదనను. 1960లో లూయిస్ ఆ అధ్యాయం తిరగరాశాడు. అందులో ఆయన నిజాయతీ కనిపిస్తుందని, ఆ రాత్రి తనకు గుర్తున్నంతవరకు జరిగింది నిదానమైన చర్చేనని ఆమె చెప్పింది. మేడ కట్టినవాళ్లు ఆమెను అడిగి ఉంటే పునాది దగ్గరే ఆగిపోయేవాళ్లు.

ఈ జబ్బు గురించి లూయిస్‌కి ముందే తెలుసు. 1959లో కేంబ్రిడ్జ్‌లోని వెస్ట్‌కాట్ హౌస్‌లో, పాస్టర్లు కాబోయే విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగంలో తన అనుభవం చెప్పాడు. తన పుస్తకాలు ఎలా పుట్టాయో సమీక్షకులు చాలాసార్లు ఊహించి రాశారు, ఒక్క విషయంలో ఒక్కసారి కూడా అది నిజం కాలేదు. వ్యాస సంపుటి ఒకటి వేశాడు. అందులో ప్రాణం పెట్టి రాసింది విలియం మోరిస్ అనే కవి మీద. దాదాపు మొదటి సమీక్షే ఏమంది? పుస్తకం మొత్తంలో రచయితకు ఆసక్తి లేకుండా రాసింది ఇదొక్కటేనని తెలిసిపోతోంది అంది. తర్వాత లూయిస్ అన్న మాట నాకు భలే ఇష్టం. అది పుస్తకంలోకెల్లా నాసి వ్యాసం అన్నంతవరకు సమీక్షకుడు కరెక్టే, అందరూ అదే అన్నారు. అది నాసిగా ఎందుకు తయారైందో చెప్పడంలోనే బోల్తా కొట్టాడు.

పుస్తకం ఎలా ఉందో పాఠకుడు చెప్పగలడు. ఎందుకలా ఉందో చెప్పబోతేనే తంటా. కవితలో కనిపించేది కవి వ్యక్తిత్వమే అన్న టిల్‌యార్డ్ అనే పండితుడితో వాదులాడుతూ 1939లో వేసిన ‘ద పర్సనల్ హెరెసీ’లోనూ లూయిస్‌ది ఇదే పట్టు. కవి కళ్లద్దాల్లోంచి లోకాన్ని చూడండి, కవి మొహం కేసి చూస్తూ కూర్చోకండి అన్నాడు. అలా అన్న మనిషి మొహం మీదే ఇవాళ ఇన్ని పుస్తకాలు.

అలాగని రచయిత చెప్పిందల్లా వేదం అనుకుంటే ఇంకో గోతిలో పడతాం. 1929 వేసవి టర్మ్‌లో మోకరించి దేవుడు ఉన్నాడని ఒప్పుకున్నానని లూయిస్ ఆత్మకథలో రాశాడు. ఉత్తరాలన్నీ తేదీల వారీగా ముందు పెట్టుకుని చూసిన అలిస్టర్ మెక్‌గ్రాత్, 2013లో వచ్చిన జీవితచరిత్రలో అది 1930 అయి ఉండాలన్నాడు. నాకు ఆ వాదన సబబుగానే తోచింది. తన జీవితంలో అంత పెద్ద రోజుకు ఏడాది తప్పు వేసుకున్న మనిషి, మేక కాళ్ల జీవి ఏ వయసులో కనిపించిందో మాత్రం ఖచ్చితంగా గుర్తుపెట్టుకున్నాడా? నా మొదటి పేరాకే చిల్లు పడింది, ఒప్పుకుంటాను. కాకపోతే మెక్‌గ్రాత్ చేసింది మనసులో దూరి ఊహించడం కాదు, ఉత్తరం పక్కన ఉత్తరం పెట్టి చూడటం. ఆ పనికి సామగ్రి బోలెడు. అమెరికాలోని వీటన్ కాలేజీలో 1965లో మొదలైన వేడ్ సెంటర్‌లో ఉత్తరాలు, రాతప్రతులతో పాటు లూయిస్ తాత చెక్కిన బట్టల బీరువా కూడా ఉంది. మొదటి నవలలో పిల్లలు నార్నియాలోకి వెళ్లేది అలాంటి బీరువాలోంచే. లోపలికెళ్లి ఎవరైనా మాయమైతే మా బాధ్యత లేదు అని దాని దగ్గర ఒక బోర్డు.

మనసులో దూరి ఊహించడానికీ, ఉత్తరాలు పెట్టి చూడటానికీ మధ్యలో పడేది మైకేల్ వార్డ్ అనే పరిశోధకుడు 2008లో తెచ్చిన ‘ప్లానెట్ నార్నియా’. ఏడు నార్నియా పుస్తకాలూ మధ్యయుగాల ఖగోళంలోని ఏడు గ్రహాల స్వభావంతో నడుస్తాయంటాడు. సముద్రయానం కథకు సూర్యుడు, లోకాంతం కథకు శని, మొదటి నవలకు బృహస్పతి: మంచు కరగడం, రాజులు సింహాసనం ఎక్కడం, క్రిస్మస్ తాత ఊడిపడటం అన్నీ గురుడి సంబరమేనట. లూయిస్ ఈ మాట ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. గాలిలో మేడే కదా అనొచ్చు. కానీ మధ్యయుగాల ఆకాశం మీద ఒక పుస్తకమే రాసిన పండితుడాయన. పైగా వార్డ్ చదివాక మళ్లీ నవల తీస్తే వెలుగు, లోహాలు, వాతావరణం కొత్తగా కంటికి ఆనతాయి. ఏడుకి ఏడూ కుదిరాయని నేను నమ్మను. పుస్తకం మూయించేది కాదు, తెరిపించేది కాబట్టి ఆ సిద్ధాంతం మీద నాకు కోపం లేదు.

ఇన్ని చెప్పాక నా సంగతీ చెప్పాలి. 1955లో వచ్చిన నార్నియా నవల ‘ద మెజీషియన్స్ నెఫ్యూ’లో డిగరీ అనే పిల్లాడి తల్లి చావుబతుకుల్లో ఉంటుంది. మందేమైనా ఇస్తావా అని సింహాన్ని అడుగుతూ, అప్పటిదాకా పంజాల వైపే చూస్తున్నవాడు తలెత్తుతాడు. సింహం కళ్లలో తన కన్నీళ్ల కంటే పెద్ద కన్నీటి బొట్లు మెరుస్తుంటాయి. అక్కడికి వచ్చేసరికి నాకు 1908లో, తొమ్మిదేళ్లకు తల్లిని పోగొట్టుకున్న బెల్‌ఫాస్ట్ కుర్రాడు కనిపిస్తాడు. ఎంత వద్దనుకున్నా కనిపిస్తాడు. టిల్‌యార్డ్ వింటే సంతోషించేవాడు.

కానీ కథ అక్కడ ఆగదు. ఆ పిల్లాడు సింహం చెప్పిన పని మీద వెళ్లి వెండి ఆపిల్ కోస్తాడు. దాన్ని దొంగిలించి అమ్మ దగ్గరికి పట్టుకుపొమ్మని మంత్రగత్తె చెవిలో పోరుతుంది. వాడు లొంగడు. చివరికి సింహమే ఇంకో పండు కోసుకోమంటుంది, తల్లి బతుకుతుంది. కోసుకోమనే ముందు మాత్రం ఒక మాట చెబుతుంది: నువ్వు దొంగిలించి ఉన్నా ఆమెకు నయమయ్యేది, కానీ ఆ జబ్బుతోనే పోయినా బాగుండేదని మీరిద్దరూ అనుకునే రోజు వచ్చేది. తల్లి బతకాలని ప్రార్థించి, బతకక, పెద్దయ్యాక కథలో ఆమెను బతికించుకుంటున్న కొడుకు ఈ వాక్యం ఎందుకు రాస్తాడు? నేను చదివిన జీవితచరిత్రల్లో దీనికి జవాబు దొరకలేదు. నేను ప్రతిసారీ ఆ పేజీ దగ్గరే ఆగుతాను.