ఆట బయటివాళ్లకు, ఉద్యోగం లోపలివాళ్లకు

క్యాసినో మేనేజ్‌మెంట్ చదువుతానని బెజవాడ కుర్రాడు ఇంట్లో నోరు తెరిస్తే, "పేకాటకు కూడా ఫీజు కట్టాలా?" అన్న వెటకారం తప్పదు. ఆ వెటకారం వెనకున్న భయం పూర్తిగా తప్పుచోట పడింది. ఆ కోర్సులో నేర్పేది ఆడటం కాదు. ఆడేవాళ్లనీ, ఆడించేవాళ్లనీ ఇద్దర్నీ నమ్మకుండా డబ్బు లెక్క తేల్చడం.

అంకెల చక్రం తిప్పి, బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే రూలెట్‌నే చూడండి. యూరోపియన్ చక్రంలో 37 గళ్లుంటాయి. ఒక అంకె మీద కాసి గెలిస్తే కాసిన డబ్బు తిరిగిచ్చి, దాని పైన ఒకటికి 35 ఇస్తారు. ఆ తేడాలోనే కాసిన ప్రతి వంద రూపాయల్లో సగటున 2 రూపాయల 70 పైసలు యజమానికి మిగులుతాయి. అమెరికన్ చక్రంలో అదనంగా ఇంకో సున్నా ఉంటుంది కాబట్టి అది 5 రూపాయల 26 పైసలవుతుంది. మోసం చేయాల్సిన అవసరమే లేదు. సంక్రాంతి బరుల పక్కన గుండాట బోర్డు పరిచేవాడికీ ఈ సూత్రం తెలుసు, వాడికి తెలియనిదల్లా దాన్ని ఆడిట్‌కు నిలిచేలా పుస్తకాల్లో రాయడం. అసలు చదువు అక్కడే ఉంది. టేబుల్ కింద నోట్లు వేసే డ్రాప్ బాక్స్‌లో ఎంత పడింది, అందులో క్యాసినోకు ఎంత నిలిచింది, డబ్బుకు బదులు వాడే బిళ్లలు, అంటే చిప్స్, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయి, పై కెమెరాలో అది కనపడిందా? ఆట నడిపే ఉద్యోగి, అంటే డీలర్, టేబుల్ వదిలేటప్పుడు రెండు చేతులూ తట్టి, అరచేతులు తిప్పి చూపించి వెళ్తాడు. సంస్కారం కోసం కాదు, చేతిలో చిప్ దాచలేదని కెమెరాకు సాక్ష్యం కోసం.

ఇంత పకడ్బందీ చదువుకు విలువ లేదనను. లాస్ వెగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయంలో 1993 నుంచే ఇంటర్నేషనల్ గేమింగ్ ఇన్‌స్టిట్యూట్ నడుస్తోంది, గేమింగ్ అంటే ఇక్కడ జూదమే. నా అనుమానమల్లా ఆ చదువు చదివిన మన పిల్లవాడికి కుర్చీ ఎక్కడుందన్నదే.

మన దగ్గర లేదు. 1974 నాటి గేమింగ్ చట్టం ఉన్న రాష్ట్రం మనది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా ఆపేశారు. పేకాట ఇక్కడ క్లబ్బు గదుల్లో, పోలీసు దాడుల వార్తల్లో బతుకుతుందే తప్ప జీతం స్లిప్పుల్లో కాదు. దేశంలో చట్టబద్ధమైన క్యాసినో అంటే ముఖ్యంగా గోవా, ఆ తర్వాత సిక్కిం. పణజి దగ్గర మాండవి నదిలో నిలిచి ఉండే పడవలు మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు బాగానే తెలుసు, కానీ అవి ఎంతమందికి ఉద్యోగమివ్వగలవు?

పైగా క్యాసినోను అనుమతించే ప్రభుత్వాలు కూడా దాన్ని మొహమాటంగానే అనుమతిస్తాయి. గోవా 2020లో గోవావాసుల్నే క్యాసినోల్లో ఆడకుండా నిషేధించింది. సింగపూర్ తన పౌరుల దగ్గర రోజుకు 150 సింగపూర్ డాలర్ల ప్రవేశ రుసుము వసూలు చేస్తుంది. నేపాల్ తన పౌరుల్ని ఆడనివ్వదు. డబ్బు బయటివాళ్లు తేవాలి, చెడు మాత్రం లోపలికి రాకూడదు. ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి ఇది తిరగబడుతుంది. చైనాలోని క్యాసినోల నగరం మకావులో డీలర్ ఉద్యోగం స్థానికులకే. నెవాడాలో టేబుల్ దగ్గర నిలబడాలంటే గేమింగ్ బోర్డులో పేరు నమోదు కావాలి, విదేశీ విద్యార్థికి అంతకుముందు వీసా లెక్క ఉండనే ఉంది. మనవాడు పర్యాటకుడిగా వెళ్తే స్వాగతం, ఉద్యోగానికి వెళ్తే సవాలక్ష ప్రశ్నలు.

ఆన్‌లైన్ సంగతి మరీ చేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ చట్టం చేసింది. అలాంటి ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. బిల్లు లోక్‌సభకు వచ్చిన రెండో రోజుకే రాజ్యసభ కూడా దాటేసింది, ఆ వెంటనే పెద్ద పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. అక్కడ పనిచేసిన ఇంజినీర్లు వేరే కంపెనీలు వెతుక్కోగలరు. కేవలం గేమింగ్ ఆపరేషన్స్ మాత్రమే తెలిసినవాడి సంగతేంటి? డిగ్రీకి పట్టేది మూడేళ్లు, చట్టానికి పట్టింది మూడు రోజులు కూడా కాదు.

ఆశ ఉన్నది ఒక్కచోట, గల్ఫ్‌లో. యూఏఈ 2023లో జూదానికి నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసి, 2024లో అమెరికా క్యాసినో కంపెనీ విన్‌కు లైసెన్సు ఇచ్చింది. యూఏఈలోని ఏడు ఎమిరేట్లలో ఒకటైన రస్ అల్ ఖైమాలో ఆ కంపెనీ రిసార్టు 2027లో తెరవాలన్నది లక్ష్యం. గల్ఫ్ హోటళ్లు బయటి సిబ్బంది మీదే నడుస్తాయి కాబట్టి మన హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకు అది నిజంగానే అందే తలుపు. అయితే అక్కడ కూడా ముందు పిలుపు వచ్చేది ఫ్రంట్ ఆఫీసు, కిచెన్, అకౌంట్స్ వాళ్లకే. కార్డులు పంచడం క్యాసినోలు తమ సొంత శిక్షణలో నేర్పించుకోగల పని.

అందుకే క్యాసినో కోర్సుకు లక్షలు పోసే ముందు గుంటూరు బీకాం కుర్రాడు ఇంకో దారి చూడాలి. మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద బ్యాంకుల్లాగే క్యాసినోలూ కస్టమర్ గుర్తింపు, అనుమానాస్పద లావాదేవీల రిపోర్టులు చూడాలి. ఆ కంప్లయన్స్ పని నేర్చుకున్నవాడు మొదట బ్యాంకులోనో, గోల్డ్ లోన్ కంపెనీలోనో చేరతాడు. రస్ అల్ ఖైమా తెరిచాక అక్కడికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పని చేసిన అనుభవంతో సహా.