లిఫ్ట్ డ్రైవు గారికి, పై అంతస్తు ఫ్లాటు వాడి విన్నపం

అయ్యా,

లిఫ్టు మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టెగా తమరు మా అపార్ట్‌మెంటు పైనున్న మెషీన్ రూములో కొలువుదీరి ఏడాది దాటింది. సరిగ్గా కింది ఫ్లాటు నాదే కనుక తమరి గుట్టు అందరికంటే నాకే ఎక్కువ తెలుసు.

మంచి కూడా చెప్పాలి. పాత లిఫ్టు కదిలితే కాంటాక్టరు, అదే, మోటారుకు కరెంటిచ్చే పెద్ద స్విచ్చి, ‘ఢబ్’మనేది, లైట్లు గుటకేసేవి, మా అత్తగారు గోడ పట్టుకునేవారు. తమరొచ్చాక గ్లాసు నిండా మజ్జిగతో ఎక్కినా చుక్క తొణకదు. ఆ కుదుపు మాత్రం ఎక్కడికీ పోలేదండీ, తీగల్లోకి దిగింది.

తమరి తిండి తీరే వేరు. సెకనుకు 50 సార్లు నిండుగా వచ్చే అలను వచ్చినట్టు తినరు. శిఖరం దగ్గర గబుక్కున మింగి తక్కినది వదిలేస్తారు, పెళ్లి పాయసంలో జీడిపప్పులే ఏరుకునే పెద్దమనిషిలాగా. ఆ ఎంగిలే 250, 350 హెర్ట్జ్ హార్మోనిక్స్‌గా, అంటే అసలు అలకు అయిదింతలు, ఏడింతలు వేగంగా ఊగే పిల్ల అలలుగా, బిల్డింగంతా తిరుగుతుంది. వీధి ట్రాన్స్‌ఫార్మరుది పెద్దింటి వంట, సర్దుకుపోతుంది. కరెంటు పోయి జనరేటరు వంతు వస్తే దాని ప్రాణం తోకకొస్తుంది. వోల్టేజి అలే వంకర తిరుగుతుంది.

ఇక కెపాసిటర్లు, అదే, కరెంటు వృథా తగ్గించడానికి ప్యానెల్‌లో పెట్టిన డబ్బాలు. ఫ్రీక్వెన్సీ (అల ఊగే వేగం) అయిదింతలైతే వాటిలోంచి దారి అయిదింతలు సులువు, కనుక తమరి ఎంగిలి అటే ఎగబడుతుంది. మొన్న ప్యానెల్ తలుపు తీస్తే మూడు డబ్బాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. లిఫ్టువాళ్లు జనరేటరు చిన్నదన్నారు. జనరేటరువాళ్లు లిఫ్టునే అనుమానించారు. ఎలక్ట్రీషియన్ మా ఫ్రిజ్జు ఎన్నేళ్లదని అడిగాడు!

తమరి ముందు ఒక చోక్, అదే, ఇనుప దిమ్మెకు చుట్టిన రాగి తీగ, పెట్టి ఉంటే ఈ ఎంగిలి చాలావరకు తగ్గేది. కొటేషన్‌లో దాని పక్కన ‘ఆప్షనల్’ అని ఉంది. అసోసియేషన్ ఆ డబ్బుతో లిఫ్టులో అద్దం పెట్టించింది.

ఇంకో మాట. లిఫ్టు ఖాళీగా పైకెళ్తుంటే ఎదురు బరువు కిందికి లాగి మోటారే కరెంటు పుట్టిస్తుంది కదా, అదైనా ఇంటికిస్తారా? రెసిస్టరు పెట్టెలో కాల్చేస్తారు. ముసురు రోజుల్లో వాచ్‌మన్ దాని పక్కన చొక్కాలు ఆరేసుకుంటున్నాడు. తమరివల్ల లాభపడ్డది అతనొక్కడే.

ఇదిగో, కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది. కింద ఎవరో బటన్ నొక్కినట్టున్నారు, నా టేబుల్ మీది బల్బు అప్పుడే కన్ను కొడుతోంది.

ఇట్లు,
తమరి కింద కాపురముంటున్నవాడు